గోడ ఎండాక

ఊరి పేరు పలకడం వచ్చేలోపే
ఊరు మునిగింది.

మైథమ్‌రాయిడ్. మూడు వారాలు సాధన చేశాను,
బస్సు డ్రైవర్ ముందు, అద్దం ముందు.
నాలుగో వారం తెల్లారుజామున
కొండల మధ్య సైరన్ కూసింది.
యుద్ధం నాటి సైరనట,
ఇప్పుడు ఏటి కోసం కూస్తుంది.

చర్చి హాల్లో జనీన్ గ్రీన్‌వుడ్ పేర్లు రాసుకుంటోంది.
ఓబులేసు అన్నాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.
పసుపు కోటుకి టేపు అంటించి
దాని మీద ఓబీ అని రాసింది.
బూట్లు రెండు సైజులు పెద్దవి.
"వరద పని ఎప్పుడన్నా చేశావా?"

ఏం చెప్పను?
మాది మడకశిర దాపున.
ఎనిమిదొందల అడుగులు బోరు దింపితే
దుమ్ము లేచిన చేను.
ట్యాంకరు వచ్చే రోజు
బళ్ళో సగం బెంచీలు ఖాళీ.
ఒళ్ళు కడిగిన నీళ్ళు గిన్నెలకి,
గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి.

లేదు, అన్నాను.
సరే బకెట్ పట్టుకో, అంది.

సట్‌క్లిఫ్ గారి నేలమాళిగలో నడుము లోతు నీళ్ళు.
ఉన్న ఒక్క పంపూ బడి దగ్గరుంది.
మెట్టుకొకరం నిలబడి చేతులు మార్చుకున్నాం.
అందరికంటే కింద నేను.

మొదటి బకెట్ ముంచి ఆగిపోయాను.
పై మెట్టు మీంచి షబీర్, ఏమైంది? అన్నాడు.
ఏం లేదు.
పారబోయడానికి నీళ్ళు ఎత్తడం
నా భుజానికి తెలీదు.
అంచు దాకా నింపిన బిందెతో
చుక్క తొణక్కుండా మైలు నడిచిన భుజం.
ఇక్కడా తొణకనివ్వలేదు.
జనీన్ నవ్వింది,
"ఒలికితే ఒలకనీ ఓబీ, ఎలాగూ పోవాల్సిందే!"

మూడొందల పన్నెండు దాకా లెక్కపెట్టి వదిలేశాను.
తేలుతూ వచ్చాయి ఉల్లిపాయలు,
కుట్టుమిషను మూత, ఒంటి బూటు,
ఒక ఫొటో, ముఖం కరిగిపోయి
టోపీ మాత్రం మిగిలిన మనిషిది.
ఎవరని అడగలేదు. తువ్వాలు మీద ఆరబెట్టాను.

వచ్చినప్పట్నుంచీ ఎవరి గడపా దాటలేదు నేను.
"మార్నింగ్" అని తల ఊపి
తలుపేసుకునే వీధి ఇది.
ఇవాళ ఒక్కరోజే తొమ్మిది ఇళ్ళ అడుగు చూశాను.
జిన్ను సీసాలు ఎవరు దాస్తారో,
చచ్చిపోయిన కుక్క గొలుసు ఎవరు పారెయ్యలేకపోయారో
వాళ్ళ ముఖాలు తెలియకముందే తెలిసింది.

హాలిఫాక్స్ నుంచి షబీర్ వాళ్ళమ్మ పంపిన పప్పూ అన్నం
వాను వెనక నిలబడి తిన్నాం.
ఉప్పు తక్కువ. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

పొద్దు వాలేసరికి నీళ్ళు మోకాలికి దిగి
గోడ బయటపడింది.
నాలుగు పెన్సిల్ గీతలు, పక్కన ఏళ్ళు.
ఒకటి తండ్రిది, మూడు తనవి, అన్నాడు సట్‌క్లిఫ్.
ఈసారి బురద చార
అన్నిటికంటే జానెడు పైన.

మా బావి రాళ్ళ మీదా ఉండేవి గీతలు.
మా నాయన బొగ్గుతో గీసేవాడు,
ఏ ఎండాకాలానికి ఆ ఎండాకాలం,
ఒకదాని కింద ఒకటి.
చివరి గీతకి తాడు చాల్లేదు.

చెప్పాలనుకున్నాను. మాటలు కుదర్లేదు.
"మా దగ్గర ఇటు" అన్నాను
వేలు నేలకి చూపించి.
ఆయన చాలాసేపు ఆ వేలినే చూశాడు.

ఎనభై రెండేళ్ళు, మూడో మెట్టు దాటి దిగలేడు.
చెవి వెనక పెన్సిల్ తీసి అందించాడు,
నువ్వు గియ్యి.

తడి సున్నం మీద గీత పడలేదు.
నొక్కితే మొన విరిగింది.
"ఉండనీ. గోడ ఎండాక రా."
ఎప్పటికి ఎండుతుందంటే భుజాలెగరేశాడు,
ఏప్రిల్ అనుకో, మే అనుకో.

కాలువ గట్టున గదికి నడుస్తుంటే
మళ్ళీ చినుకులు.
పెన్సిల్ నా జేబులోనే ఉండిపోయింది.
ఏదైనా ఎండాలని ఎదురుచూడటం
పుట్టాక ఇదే మొదలు.